టీఎల్‌డీ సున్నా వస్తే లోపలి డోస్ కూడా సున్నానా? (షట్‌డౌన్ పనులకు పోయేవాళ్ల క్లాసు కోసం)

కాజీపేట జంక్షన్ · సోమవారం ఉదయం 8:10

అందరికీ నమస్తే. వరంగల్, హనుమకొండ, జనగామ దిక్కు నుంచి అణు విద్యుత్ కేంద్రాల షట్‌డౌన్ (రియాక్టర్ ఆపి చేసే మరమ్మతు) పనులకు పోయే వెల్డర్లు, ఫిట్టర్లు, స్కాఫోల్డింగ్ వాళ్ల కోసం రెండు గంటల క్లాసు తయారు చేస్తున్నం. బయటి రేడియేషన్ గురించి చెప్పడం సులువే. లోపలికి పోయిన దాని గురించి అడిగే నాలుగు ప్రశ్నలకు మాత్రం సరైన జవాబులు కావాలె.

టీఎల్‌డీ బ్యాడ్జీ (చొక్కా మీద పెట్టుకునే, బయటి రేడియేషన్ కొలిచే కార్డు) సున్నా చూపితే ఒంట్లోకి ఏమీ పోలేదనుకోవచ్చా? చేరినప్పుడు ఒకసారి, వెళ్లేటప్పుడు ఒకసారి హోల్ బాడీ కౌంటింగ్ (ఒంట్లోంచి వచ్చే గామాను యంత్రంతో లెక్కపెట్టే పరీక్ష) చేస్తే చాలదా, మళ్లా మూత్రం సీసా ఎందుకు? రిపోర్టులో ‘ఎండీఏ (యంత్రం పట్టగల కనీస మోతాదు) కంటే తక్కువ’ అని రాస్తే సున్నా అనే అర్థమా? యురేనియం పనిలో ఉన్నవాళ్లకు కూడా ఇవే పరీక్షలా?

అంకెలతో చెప్పండి. క్లాసులో గట్టిగా అడిగేవాళ్లు ఉంటరు.

---

ఓరుగల్లు లెక్క · సోమవారం ఉదయం 9:25

మొదటి ప్రశ్నకు సూటి జవాబు: అనుకోకూడదు.

మన దేశంలో వాడే టీఎల్‌డీ కార్డులో డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్ టెఫ్లాన్ బిళ్లలు మూడు ఉంటాయి. ఒకదాని మీద లోహపు ఫిల్టర్, ఒకదాని మీద ప్లాస్టిక్, ఒకటి ఖాళీ. బయటి నుంచి వచ్చి ఛాతీకి తగిలే గామా, బీటాలను కొలవడమే దాని పని. భారజల రియాక్టర్లలో పుట్టే రేడియోధార్మిక హైడ్రోజన్ అయిన ట్రిటియం బీటా శక్తి గరిష్ఠంగా 18.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. అది కండలో ఆరేడు మైక్రాన్లు కూడా దాటదు. చర్మం పైపొరనే దాటలేనిది చొక్కా మీది బ్యాడ్జీకి ఎలా చేరుతుంది? యురేనియం ఆల్ఫా కూడా అంతే, ఊపిరితిత్తిలో పుట్టి అక్కడే ఆగిపోతుంది. లోపల మోతాదు పడుతూనే ఉన్నా బ్యాడ్జీ మాత్రం శుభ్రంగా కనిపిస్తుంది.

క్లాసులో ఇంకో మాట తప్పక చెప్పండి. లోపలి డోస్‌ను 50 ఏళ్లకు లెక్కగట్టి, ఆ మొత్తాన్ని పదార్థం లోపలికి పోయిన సంవత్సరం ఖాతాలోనే రాస్తారు. దీన్ని నిబద్ధ డోస్ అంటాం. ఈ అంకెను బయటి డోస్‌కు కలిపాకే ఏఈఆర్‌బీ (అణు శక్తి నియంత్రణ మండలి) పరిమితితో పోల్చాలి. ఆ పరిమితి ఐదేళ్లలో 100 మిల్లీసీవర్ట్ (డోస్ కొలిచే యూనిట్), ఏ ఒక్క ఏడాదిలోనైనా 30 మిల్లీసీవర్ట్. బ్యాడ్జీ అంకె ఒక్కటే చూసి ‘ఇంకా జాగా ఉంది’ అనుకుంటే లెక్క తప్పుతుంది.

---

గోదావరిఖని · సోమవారం మధ్యాహ్నం 12:40

మూత్రం సీసా సంగతి నేను చెప్త.

భారజల రియాక్టర్ల మోడరేటర్‌లో (న్యూట్రాన్ల వేగం తగ్గించే భారజలంలో) ఉన్న బరువు హైడ్రోజన్, అంటే డ్యుటీరియం, న్యూట్రాన్‌ను పట్టుకుంటే ట్రిటియం అయితది. సీల్ లీకైనా, వాల్వు గ్లాండ్ కారినా అది నీటి ఆవిరి లెక్క గాలిలో కలుస్తది. పీల్చితే లోపలికి, చర్మం మీద పడ్డా లోపలికి. మొత్తం చేరే దాంట్లో దాదాపు మూడో వంతు చర్మం నుంచే పోతది. మామూలు డబ్బా మాస్కు దీన్ని ఆపదు. గాలి పైపు ఉన్న ప్లాస్టిక్ సూటే కావాలె. హోల్ బాడీ కౌంటర్ గామాను చూస్తది, ట్రిటియంకు గామా లేదు. పరుపు మీద పదిసార్లు పండుకోబెట్టినా కనబడదు. అందుకే మూత్రం.

శాంపిల్ ఇచ్చే పద్ధతిలోనే సగం తప్పులు జరుగుతయి. ట్రిటియం నీళ్లు ఒంట్లో అంతటా సమంగా కలవడానికి రెండు మూడు గంటలు పడ్తది. పని దిగంగనే బ్లాడర్‌లో ఉన్న మూత్రం లీకు కంటే ముందు తయారైంది కావచ్చు. గందుకే దిగినంక ఒకసారి పోసి పారబోయాలె. రెండు గంటలు దాటినంక వచ్చేది సీసాలో పట్టాలె. సూటు ఇప్పి, చేతులు కడుక్కుని, జోన్ బయట పట్టాలె. చేతి మీది ఒక్క చుక్క మోడరేటర్ నీళ్లు సీసాలో పడ్డా ఆ మనిషి లెక్క లక్షల్లో కనబడ్తది. మూత బిగువు పెట్టకుంటే గాలిలోని ఆవిరి కూడా సీసాలోకి ఎక్కుతది.

ల్యాబ్‌లో ఒక మిల్లీలీటరు మూత్రం, పది మిల్లీలీటర్ల సింటిలేషన్ కాక్‌టెయిల్ (రేడియేషన్ తగిలితే వెలిగే ద్రవం) వయల్‌లో కలుపుతరు. కలపంగనే లెక్క పెడితే తప్పు అంకె వస్తది, ఎందుకంటే మూత్రంలోని పదార్థాలతో కాక్‌టెయిల్ రసాయనికంగా కూడా వెలుగుతది. చీకట్లో కొన్ని గంటలు పెట్టి తర్వాతనే లెక్కపెట్టాలె. ఇంకొకటి రంగు. బీ కాంప్లెక్స్ గోళీలు వేసుకున్నోళ్ల మూత్రం ముదురు పసుపుగుంటది. ఆ రంగు వెలుగును మింగుతది, దక్షత పడిపోతది, నిజం కంటే తక్కువ అంకె వస్తది. ప్రతి వయల్‌కు క్వెంచ్ (ఇట్ల వెలుగు తగ్గడం) దిద్దుబాటు చేయాలె, లేకుంటే మూత్రాన్ని డిస్టిల్ చేసి ఆ నీళ్లు వాడాలె. బ్లాంక్‌కు (పోల్చడానికి పెట్టే వయల్‌కు) ట్రిటియం పనికి పోనోళ్ల మూత్రమే పెట్టాలె. నల్లా నీళ్లు పెడితే క్వెంచ్ సరిపోలదు.

ఇగ లెక్క. ఒంట్లో నీళ్లు 42 లీటర్లు అనుకుంటం. మూత్రంలో లీటరుకు 200 కిలోబెక్వెరెల్ (బెక్వెరెల్ అంటే సెకనుకు ఒక విచ్ఛిత్తి) వచ్చింది అనుకో. 42తో గుణిస్తే 8.4 మెగాబెక్వెరెల్. మెగాబెక్వెరెల్‌కు 18 మైక్రోసీవర్ట్ చొప్పున 151 మైక్రోసీవర్ట్, అంటే 0.15 మిల్లీసీవర్ట్. ఇది శాంపిల్ ఇచ్చిన రోజే లోపలికి పోతే. పది రోజుల కింద పోయి ఉంటే అప్పటికే సగం బయటికి పోయింది, డోస్ 0.30. ఇరవై రోజుల కిందైతే 0.60.

అంకె ఒక్కటే, మారేది తేదీ. క్లాసులో ఇదొక్కటి బోర్డు మీద రాస్తే చాలు.

---

పాకాల · సోమవారం మధ్యాహ్నం 2:05

బాగా నీళ్లు తాగితే మూత్రం పలచబడి ట్రిటియం తక్కువ చూపెడ్తది కదా? కొందరు శాంపిల్‌కు ముందు రెండు లీటర్లు తాగి ఇస్తరు. ఇది లెక్కను చెడగొట్టదా?

---

గోదావరిఖని · సోమవారం మధ్యాహ్నం 2:50

ట్రిటియం విషయంల అది పని చేయదు. మూత్రంల ఉన్న నీళ్లు, రక్తంల ఉన్న నీళ్లు ఒకటే. రెండు లీటర్లు తాగితే 42 లీటర్లల రెండు కలిసినయి, ఐదు శాతం కూడా మారదు. యురేనియం, సీజియం వేరు. అవి నీళ్ల లెక్క ఒంట్లంత సమంగా కలువవు, లీటరుకు ఎంత అనే అంకె మూత్రం ఎంత వచ్చిందో దాని మీద ఆధారపడ్తది. వాటికి 24 గంటల మూత్రం మొత్తం పట్టాలె. అది కుదరకుంటే క్రియాటినిన్‌తో (మూత్రంల రోజూ దాదాపు ఒకే మోతాదుల వచ్చే పదార్థంతో) సరిచేయాలె. మగవాళ్లకు రోజుకు 1.7 గ్రాములు, ఆడవాళ్లకు 1.0 గ్రాము అని ప్రమాణం తీసుకుంటరు.

నీళ్లు రోజూ ఎక్కువ తాగుతూ పోతే మాత్రం ట్రిటియం జల్ది బయటికి పోతది. అదే అసలు చికిత్స. మంచినీళ్లు, మజ్జిగ, అంబలి ఏదైనా సరే, మొత్తం ద్రవం ముఖ్యం. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నోళ్లు డాక్టర్ చెప్పకుండా లీటర్ల కొద్దీ తాగొద్దు. ఎంత తాగుతున్నరో డోసిమెట్రీ వాళ్లకు చెప్పాలె, ఎందుకంటే లెక్కలో పెట్టే పది రోజుల సగం కాలం (ఒంట్లున్నది సగానికి తగ్గే కాలం) మారిపోతది.

---

వేయిస్తంభాలు · సోమవారం సాయంత్రం 6:30

ఈ ‘పది రోజులు’ మీద ఒక అనుమానం. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీల ఎండ. అందరూ ఐదారు లీటర్లు తాగుతారు, చెమటగా పోతుంది. అప్పుడు సగం కాలం ఆరు రోజులకు పడిపోవచ్చు. లెక్క ఎంత తప్పుతుందో వేసి చూశాను.

శాంపిల్ అదే రోజు ఇస్తే, పది రోజులు అనుకునే లెక్క డోస్‌ను ఎక్కువ చూపిస్తుంది. అసలు డోస్ దానిలో 0.6 వంతే. 12 రోజుల తర్వాత ఇస్తే: పది రోజుల లెక్కలో వెనక్కి 2.3 రెట్లు పెంచుతాం. నిజానికి పెంచాల్సింది 4 రెట్లు, కాని డోస్ గుణకం 0.6 కాబట్టి 2.4. రెండూ దాదాపు సమానం. 24 రోజుల తర్వాత ఇస్తే మన లెక్క 5.3 రెట్లు, నిజం 9.6 రెట్లు. సగానికి దగ్గరగా తక్కువ రాస్తున్నాం.

సరిగ్గానే వేశానా?

---

గోదావరిఖని · సోమవారం రాత్రి 8:15

సరిగ్గనే వేసినవ్ తమ్మీ. అందుకే అంకె కొంచెం ఎక్కువొస్తే ఒక్క శాంపిల్‌తో ఆపొద్దు. మూడు రోజులకొకటి చొప్పున నాలుగు తీసి గీత గీస్తే ఆ మనిషి సొంత సగం కాలం తెలుస్తది. పుస్తకంల ఉన్న పది పక్కన పెట్టి అదే వాడాలె. ఇంకో చిన్న భాగం, మూడు శాతం దాకా, శరీర పదార్థంతో కలిసి 40 రోజుల సగం కాలంతో మెల్లగ పోతది. 18 మైక్రోసీవర్ట్ అనే గుణకంల అది ఇప్పటికే కలిసి ఉంది, మళ్లా వేరుగ కలపొద్దు.

2009 నవంబర్‌లో కర్ణాటకలోని కైగా అణు విద్యుత్ కేంద్రంలో తాగునీటి కూలర్‌లో ట్రిటియం ఉన్న నీళ్లు కలిసిన సంగతి కూడా రొటీన్ మూత్ర పరీక్షల్లోనే బయటపడ్డది. తాగింది 50 మందికి పైగా. వాళ్ల బ్యాడ్జీల నుంచి అది తెలిసే దారే లేదు. సీసా ఇయ్యడానికి గునిసేవాళ్లకు ఈ సంగతి చెప్పుండ్రి.

పక్క మాట: మణుగూరు భారజల కర్మాగారంల పనికి పోయేటోళ్లు కూడా ట్రిటియం అని భయపడ్తరు. అక్కడ తయారయ్యేది రియాక్టర్ ముఖం చూడని కొత్త భారజలం, ట్రిటియం లెక్క అక్కడ వర్తించదు. అక్కడి ప్రమాదం హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్. క్లాసుల రెండిటినీ కలిపి చెప్పొద్దు.

---

ఓరుగల్లు లెక్క · మంగళవారం ఉదయం 7:50

ఇక హోల్ బాడీ కౌంటర్, ఎండీఏ సంగతి.

ఇందులో చూసేది గామా ఇచ్చేవాటిని: కోబాల్ట్-60 (1173, 1332), సీజియం-137 (662), అయోడిన్-131 (364 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు). మామూలు స్క్రీనింగ్‌కు సీసపు అడ్డుగోడ ఉన్న కదిలే పరుపు, పెద్ద సోడియం అయొడైడ్ డిటెక్టర్, పది నిమిషాలు చాలు. ప్లుటోనియం, అమెరీషియం లాంటి బలహీన గామాలకు అది సరిపోదు. వాటికి మందపాటి ఉక్కు గది, ఊపిరితిత్తుల మీద పెట్టే పలుచటి డిటెక్టర్లు కావాలి. ఛాతీ గోడ మందం కూడా అల్ట్రాసౌండ్‌తో కొలవాలి. బక్కమనిషికి, లావుమనిషికి ఒకే దక్షత వేస్తే అంకె చాలా తప్పుతుంది.

ప్రతి మనిషి స్పెక్ట్రంలోనూ (ఏ శక్తి గామా ఎంత వచ్చిందో చూపే గీతలో) ముందుగా చూడాల్సింది అందరి ఒంట్లో సహజంగా ఉండే పొటాషియం-40. ఒంట్లో 140 గ్రాముల పొటాషియం ఉంటే దాదాపు 4.3 కిలోబెక్వెరెల్. ఆ శిఖరం 1461 దగ్గర నిలబడాలి. అది 1420కో 1500కో జరిగితే డిటెక్టర్ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే స్థాయి) జారిందన్నమాట. ఏసీ ఆగి గది వేడెక్కినప్పుడు, కరెంటు పోయి వచ్చి హై వోల్టేజీ కుదురుకోకముందు ఇలా జరుగుతుంది. అప్పుడు సీజియం విండోలో (సీజియం కోసం చూసే శక్తి పరిధిలో) సీజియం ఉండదు, వేరేది ఉంటుంది. పొటాషియం చూడకుండా సంతకం పెట్టిన రిపోర్టును నేను నమ్మను.

రెండో తప్పు చర్మం మీది మురికి. జుట్టులో, గోళ్ల కింద, చెప్పుల్లో అంటిన కోబాల్ట్ కణం లోపల ఉన్నట్టే కనిపిస్తుంది. తలస్నానం చేయించి, గడియారం, ఉంగరం, మొలతాడు తీయించి, కాగితపు గౌను వేసి లెక్కపెట్టాలి. అనుమానం వస్తే వెల్లకిలా ఒకసారి, బోర్లా ఒకసారి. రెండు అంకెల మధ్య బాగా తేడా ఉంటే ఒక పక్కన అతుక్కున్నది ఉందని తెలుస్తుంది. నిజంగా మింగిన కరగని కణమైతే కొద్ది రోజుల్లో మలంతో పోతుంది. మూడో రోజు, ఏడో రోజు మళ్లీ లెక్కపెడితే గబగబా పడిపోవడం కనిపిస్తుంది. ఊపిరితిత్తిలో కూర్చున్నదైతే అలా పడదు.

మూడోది మన ప్రాంతానికి బాగా వర్తించేది. వరంగల్, కరీంనగర్ అంతా గ్రానైట్ నేల. గాలి ఆడని ఇళ్లలో రాడాన్ (నేల నుంచి వచ్చే రేడియోధార్మిక వాయువు) ఉంటుంది, దాని సంతతి (అది విచ్ఛిన్నమై పుట్టే పదార్థాలు) పాలిస్టర్ బట్టలకు అంటుకుంటుంది. అందులో బిస్మత్-214 గామా 609. సోడియం అయొడైడ్ డిటెక్టర్‌కు 609, 662 శిఖరాలు ఒకదాని మీద ఒకటి ఒరిగిపోతాయి. సీజియం లేకున్నా సీజియం అని చూపిస్తుంది. ఈ సంతతి సగం కాలాలు అర గంట లోపే. బట్టలు మార్చి మూడు గంటలు ఆగి మళ్లీ లెక్కపెడితే మాయమవుతుంది. సీజియం అయితే కదలదు.

నాలుగోది వైద్య పరీక్షలు. గుండె స్కాన్, ఎముకల స్కాన్, థైరాయిడ్ చికిత్స చేయించుకున్నవాళ్లు ముందుగా చెప్పాలి. చెప్పకుంటే అందరికీ ఒక రోజు కంగారు.

ఇప్పుడు ఎండీఏ. నేపథ్యం (మనిషి లేకున్నా వచ్చేది) 400 లెక్కలు వచ్చే విండోలో గుర్తించగల కనీసం 2.71 ప్లస్ 4.65 గుణించు 20 (400 వర్గమూలం), అంటే 96 లెక్కలు. దీన్ని 600 సెకన్లు, 0.002 దక్షత, 0.851 గామా వంతుతో భాగిస్తే 94 బెక్వెరెల్ సీజియం. రిపోర్టులో ‘94 కంటే తక్కువ’ అంటే సున్నా కాదు, 94 దాకా ఉన్నా ఈ యంత్రం పట్టలేదని. అయినా సీజియంకు భయం లేదు. 90 రోజుల కింద మింగింది అనుకున్నా అప్పటికి 51 శాతం మిగిలి ఉంటుంది. 94 వెనక 184 బెక్వెరెల్, డోస్ 2.4 మైక్రోసీవర్ట్. లెక్కలోకి రానంత చిన్నది.

---

కాజీపేట జంక్షన్ · మంగళవారం ఉదయం 9:05

అంటే ‘ఎండీఏ కంటే తక్కువ’ అని వస్తే నిశ్చింతగ ఉండొచ్చు?

---

రామప్ప · మంగళవారం ఉదయం 10:30

సీజియం, కోబాల్ట్‌కు ఉండొచ్చు అన్నా. యురేనియంకు ఉండొద్దు. ఈ తేడా చెప్పకుంటే క్లాసు పూర్తి కాదు.

సహజ యురేనియం మిల్లీగ్రాముకు 25 బెక్వెరెల్. ఇంధన గుళికలు తయారయ్యే యురేనియం డయాక్సైడ్ ఊపిరితిత్తిలో కరగదు, ఎస్ రకం అంటరు. బెక్వెరెల్‌కు దాదాపు 6 మైక్రోసీవర్ట్. 160 బెక్వెరెల్, అంటే 6.4 మిల్లీగ్రాముల యురేనియం ఉన్న ధూళి పీల్చితే ఒక మిల్లీసీవర్ట్. చిటికెడు కూడా కాదు. ఆ 6.4 మిల్లీగ్రాములల్ల యురేనియం-235 నాలుగు బెక్వెరెల్ కూడా ఉండదు. దాని 186 గామాను ఊపిరితిత్తుల కౌంటర్ పట్టడం కష్టం. మూత్రంల కూడా చాలా మెల్లగ, కొద్దికొద్దిగ వస్తది. సీజియంకు మైక్రోసీవర్ట్‌లు పట్టే పద్ధతి, కరగని యురేనియంకు మిల్లీసీవర్ట్‌లను వదిలేస్తది. ‘ఎండీఏ కంటే తక్కువ’ అనే మాట ఒకటే, అర్థం వేరు.

అందుకే ఈ పనిలో గాలి కొలతే మొదటి కాపలా. మనిషి కాలర్ దగ్గర పెట్టే పర్సనల్ ఎయిర్ శాంప్లర్ నిమిషానికి రెండు లీటర్లు లాగుతది. ఎనిమిది గంటలకు దాదాపు ఒక ఘనపు మీటరు. పనిచేసే మనిషి గంటకు 1.2 చొప్పున 9.6 ఘనపు మీటర్లు పీలుస్తడు. ఫిల్టర్ మీద ఎంత వచ్చిందో దానికి పదింతలు లోపలికి పోయిందని లెక్క. గోడకు బిగించిన శాంప్లర్ మీద ఆధారపడొద్దు. గ్రైండింగ్ చేసేవాడి ముక్కు దగ్గర ధూళి, పది అడుగుల దూరంల ధూళి ఒకటి కాదు, గోడది తక్కువే చూపిస్తది.

ఫిల్టర్‌ను తీయంగనే ఆల్ఫా లెక్కపెట్టొద్దు. రాడాన్ సంతతి కొన్ని గంటలల్ల పోతది. థోరాన్ (థోరియం నుంచి వచ్చే, రాడాన్ లాంటి వాయువు) సంతతిల సీసం-212 సగం కాలం 10.6 గంటలు, అది పోవడానికి మూడు నాలుగు రోజులు కావాలె. మొదటి రోజు అంకె చూసి కంగారు పడొద్దు, అట్లని ఆ ఫిల్టర్‌ను పారేయొద్దు. కవర్ మీద పేరు, ఫ్లో రేటు, మొదలు, చివర సమయం రాసి దాచి ఐదో రోజు మళ్లా లెక్కపెట్టాలె.

కరిగే రకాలు వేరు. యురేనిల్ నైట్రేట్, హెక్సాఫ్లోరైడ్ రక్తంలకు జల్ది పోతయి. అక్కడ రేడియేషన్ కంటే ముందు కిడ్నీకి విషం. చాలాకాలంగ వాడే గీత కిడ్నీ గ్రాముకు మూడు మైక్రోగ్రాములు. వీళ్లకు మూత్రం మంచి పరీక్షే, కాని తొందరగ తీయాలె. వారాంతం తర్వాత సోమవారం తీస్తే మధ్యలో వచ్చింది పోయే ఉంటది.

ఇగ మన దగ్గరి అసలు చిక్కు: బోరు నీళ్లు. గ్రానైట్ నేలల బోర్లల్ల యురేనియం ఉంటది. తాగునీటికి డబ్ల్యూహెచ్‌ఓ సూచన లీటరుకు 30 మైక్రోగ్రాములు, ఏఈఆర్‌బీ పరిమితి 60. లీటరుకు 60 ఉన్న నీళ్లు రోజుకు మూడు లీటర్లు తాగితే 180. అందుల రెండు శాతం రక్తంలకు పోతది అనుకుంటే రోజుకు 3.6 మైక్రోగ్రాములు మూత్రంల వస్తది. ఎండాకాలం ఐదు లీటర్లు తాగితే ఆరు. ఇవి ఫ్యాక్టరీ ముఖం చూడనోళ్ల అంకెలు. చేరే ముందు శాంపిల్ తీయకుంటే ఈ ఆరు మైక్రోగ్రాములను పని ఖాతాల రాసేస్తరు, లేకుంటే పనిలో వచ్చిందాన్ని బోరు ఖాతాల కొట్టేస్తరు. రెండూ అన్యాయమే.

ఊర్లల్ల బోరు నుంచి మిషన్ భగీరథ నీళ్లకు మారితే ఈ ఆధారం కూడా మారుతది. అందుకే నీళ్లు ఎక్కడివో ప్రతిసారి రాయాలె. గట్టి అనుమానం ఉంటే ఆల్ఫా స్పెక్ట్రోమెట్రీ (ఆల్ఫా శక్తిని బట్టి ఏ రకం యురేనియమో చెప్పే పరీక్ష) చేయించాలె. భూగర్భజలంల తరచు యురేనియం-234 వంతు, 238 కంటే ఎక్కువుంటది. ఫ్యాక్టరీల సహజ యురేనియంకు ఆ రెండూ దాదాపు సమానం. రెండిటినీ విడదీసే మార్గం ఇదే.

కోసుకున్న గాయం ఉంటే పిండొద్దు, బాగా నీళ్లతో కడిగి వెంటనే వూండ్ ప్రోబ్ (గాయంల రేడియేషన్ కొలిచే పరికరం) దగ్గరికి పోవాలె. గాయం నుంచి నేరుగ రక్తంలకు పోతది, ఊపిరితిత్తి లెక్కలు అక్కడ పనికిరావు.

---

పాకాల · మంగళవారం మధ్యాహ్నం 1:15

బోరు నీళ్ల ముచ్చట ఎవ్వరూ చెప్పరు. చేరే ముందు శాంపిల్ అడగడం కార్మికుడి హక్కుగ క్లాసుల పెట్టాలె.

---

హన్మకొండ న్యూక్‌మెడ్ · మంగళవారం సాయంత్రం 5:40

రియాక్టర్లే కాదు, థైరాయిడ్ చికిత్సకు అయోడిన్-131 ఇచ్చే ఆసుపత్రి సిబ్బంది కూడా ఈ జాబితాలో ఉండాలి. క్యాప్సూల్ కంటే ద్రవ రూపంలో ఇచ్చేచోట ఎక్కువ జాగ్రత్త. సీసా మూత తీయగానే ఆవిరి లేస్తుంది, అందుకే ఫ్యూమ్ హుడ్‌లోనే తీయాలి.

కొలత సులువు. సోడియం అయొడైడ్ ప్రోబ్‌ను మెడకు ఎదురుగా స్థిరమైన దూరంలో పెట్టి లెక్కపెట్టండి. తర్వాత అదే దూరంలో తొడ మీద. మెడ నుంచి తొడ తీసేస్తే థైరాయిడ్‌ది మిగులుతుంది. దక్షతను మెడ ఫాంటమ్‌తో (మెడ లాంటి నమూనా బొమ్మతో) ముందే తేల్చుకోవాలి. దూరం రెండు సెంటీమీటర్లు తేడా వచ్చినా అంకె మారిపోతుంది కాబట్టి స్టాండ్‌కు గుర్తు పెట్టుకోండి. పని చేసిన గౌను విప్పి, చేతులు కడుక్కుని కూర్చోవాలి. కాలర్ మీది మరక కూడా మెడ అంకెలో పడుతుంది.

రెండు వారాలకొకసారి కొలవాలి. నెల దాటితే దొరకదు. థైరాయిడ్‌లో 300 బెక్వెరెల్ కనిపించింది, రెండు వారాల మధ్యలో, అంటే ఏడో రోజు అనుకున్నాం. ఆవిరి పీల్చితే ఏడో రోజుకు థైరాయిడ్‌లో 0.14 వంతు మిగులుతుంది. 300ను దానితో భాగిస్తే దాదాపు 2140 బెక్వెరెల్. బెక్వెరెల్‌కు 0.02 మైక్రోసీవర్ట్ చొప్పున 43 మైక్రోసీవర్ట్.

స్టేబుల్ అయోడిన్ గోళీ, 130 మిల్లీగ్రాముల పొటాషియం అయొడైడ్, తొలి కొద్ది గంటల్లోనే పనికొస్తుంది. ఒక రోజు గడిచాక వేసుకుంటే థైరాయిడ్ అప్పటికే పట్టేసుకుని ఉంటుంది. వైద్యుడి మాట మీదే వేసుకోవాలి. గర్భం ధృవీకరణ అయిన సిబ్బంది వెంటనే తెలియజేసి ఈ పని నుంచి తప్పుకోవాలి, పిండం థైరాయిడ్ కూడా అయోడిన్‌ను పట్టుకుంటుంది.

---

వేయిస్తంభాలు · మంగళవారం రాత్రి 9:00

మేడం, ఆ ‘మధ్యలో అనుకున్నాం’ అనేది ఎంతవరకు సమర్థనీయం? అసలు నిన్ననే పీల్చి ఉండొచ్చు, లేదా 14 రోజుల కింద.

---

ఓరుగల్లు లెక్క · మంగళవారం రాత్రి 9:45

రొటీన్ పర్యవేక్షణ గడువులన్నీ ఈ ప్రశ్న నుంచే పుట్టాయి. లోపలికి పోయిన రోజు తెలియకుంటే మధ్య రోజు అనుకుంటాం. అలా అనుకోవడం వల్ల వచ్చే తక్కువ అంచనా మూడు రెట్లు దాటకుండా గడువు పెడతారు. అందుకే ట్రిటియంకు నెల, అయోడిన్-131కు రెండు వారాలు, కోబాల్ట్-60, సీజియం-137కు ఆరు నెలల దాకా. చేరినప్పుడు, వెళ్లేటప్పుడు మాత్రమే చేస్తే సీజియంకు గట్టెక్కుతాం. మధ్యలో జరిగిన ట్రిటియం, అయోడిన్ కథంతా చెరిగిపోతుంది. రెండో ప్రశ్నకు ఇదే జవాబు.

లీకు జరిగిందని తెలిసినప్పుడు మధ్య రోజు సూత్రం వాడకూడదు. అసలు సమయం ఉంది కదా, అదే వాడాలి. లీకు గంట, పని మొదలు, ముగింపు గంట షిఫ్ట్ రిజిస్టర్‌లో రాసి ఉంటేనే అది కుదురుతుంది. రాయని చోట మధ్య రోజే గతి.

---

కాజీపేట జంక్షన్ · బుధవారం ఉదయం 8:00

మస్తు ఉపయోగపడ్డది. అన్నలకు, మేడంకు, తమ్మునికి ధన్యవాదాలు. చివరిగ ఒకటి. సీసా మీద ఏమేమి రాయాలె? మా వాళ్లు పేరు రాసి ఇచ్చేస్తరు.

---

గోదావరిఖని · బుధవారం ఉదయం 8:35

పేరు, టీఎల్‌డీ నంబరు. శాంపిల్ ఇచ్చిన తేదీ, గంట. ఆఖరిసారి జోన్‌లోకి పోయిన తేదీ, దిగిన గంట. అంతకు ముందు బ్లాడర్ ఖాళీ చేసిన గంట. పని ఏంది: మోడరేటర్ పంపా, ఫ్యూయలింగ్ మెషినా, ఉత్త స్కాఫోల్డింగా. సూటు వేసుకున్నరా లేదా. గోళీలు ఏమైనా వేసుకుంటున్నరా. సీసా మీద పట్టకుంటే స్లిప్పు రాసి రబ్బరు బ్యాండ్‌తో కట్టుండ్రి. సీసాను రాసినోళ్లే ల్యాబ్‌కు ఇచ్చి రిజిస్టర్‌ల సంతకం తీసుకోవాలె.

---

రామప్ప · బుధవారం ఉదయం 9:10

యురేనియం వాళ్ల స్లిప్పు మీద ఇంకో గీత: తాగే నీళ్లు బోరువా, భగీరథవా. పొద్దున్న నుంచి 24 గంటలు పట్టినరా, మధ్యలో ఒక్కసారైనా బయట పోసినరా. పోసి ఉంటే దాచొద్దు, ‘ఒకసారి తప్పింది’ అని రాస్తే క్రియాటినిన్‌తో సరిచేస్తరు.

---

ఓరుగల్లు లెక్క · బుధవారం ఉదయం 9:30

పని ముగించి ఇంటికి వచ్చేటప్పుడు లోపలి డోస్, బయటి డోస్ విడివిడిగా రాసిన కాగితం అడిగి తీసుకోమని చెప్పండి. డోస్ వివరాలు దేశం మొత్తానికి బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) రిజిస్ట్రీలో చేరతాయి. అయినా రేపు ఇంకో కేంద్రానికి, ఇంకో కాంట్రాక్టర్ కింద పోయినప్పుడు పాత అంకె చేతిలో ఉంటే మొదటి రోజే కలిపి చూస్తారు. టీఎల్‌డీ నంబరు మారకుండా అదే కొనసాగించమని కూడా అడగాలి.

---

కాజీపేట జంక్షన్ · బుధవారం ఉదయం 10:05

స్లిప్పు నమూనా తయారు చేస్తున్న. రేపు ఇక్కడ పెడ్త, దిద్దండి.